దడి లోపలి ఆకు

మా కాంపౌండరు గారు పోయారు. పెడన నుంచి వాళ్ళబ్బాయి పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, నాన్న నిద్రలోనే వెళ్ళిపోయారు" అన్నాడు. అప్పుడు నేను మచిలీపట్నంలో మా ఇంటి గుమ్మం దగ్గర ఆఫీసుకు వెళ్ళడానికి చెప్పులేసుకుంటున్నాను. ఒక కాలికి చెప్పుతో అలాగే కుర్చీలో కూలబడ్డాను.

ఆయన పత్రికల్లో పేరొచ్చే మనిషి కాదు. పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేరి కాంపౌండరుగానే రిటైరయ్యారు. ఆ ఉద్యోగానికి తర్వాత ప్రభుత్వం వేరే పేరేదో పెట్టింది గానీ, దివిసీమలో చివరిదాకా అందరూ ఆయన్ని కాంపౌండరు గారనే పిలిచారు. ఆయనకీ అదే ఇష్టం. పశువైద్యం నాకు కాలేజీలో చెప్పారు. ఆ చదువుని పశువు దగ్గరకు ఎలా తీసుకెళ్ళాలో ఈయన చెప్పారు. పాతికేళ్ళ ఉద్యోగం తర్వాత, ఈ రెండో చదువే నన్ను నిలబెట్టిందని ఏ మొహమాటమూ లేకుండా చెప్పగలను.

మాది గుడివాడ. మా ఇంట్లో మూడు తరాలుగా అందరూ బడిపంతుళ్ళు, గుమాస్తాలు. గేదె అంటే మా వీధిలోకి వచ్చే పాలవాడి గేదె, అంతకు మించి తెలియదు. అలాంటి ఇంట్లోంచి పశువుల డాక్టరునై, కోడూరు దాటాక ఒక ఊళ్ళో మొదటి పోస్టింగు తెచ్చుకున్నాను. రెండు గదుల ఆస్పత్రి, ముందు పశువుని నిలబెట్టే ఇనుప చట్రం, ఒక చేతిపంపు. నేను చేరిన రోజున కాంపౌండరు గారు ఆ పంపు దగ్గర సిరంజీలు కడుగుతూ కనిపించారు. చెవి మీద పెన్సిలు, భుజం మీద తువ్వాలు. తల పైకెత్తి, "రండి మేడమ్ గారూ, మీ కోసం కుర్చీ తుడిచి ఉంచాను. కుడి కాలు కాస్త ఊగుతుంది, ఎడమవైపుకి ఒరిగి కూర్చోండి" అన్నారు.

ఆయన గేదెలతో మీరు అని మాట్లాడేవారు. "కాస్త ఇటు జరగండి. అయిపోయింది, ఒక్క సూదే" అంటూ వాటి డొక్క నిమిరేవారు. ఎద్దుల్ని మాత్రం ఒరేయ్ అనేవారు. ఈ తేడా ఏమిటండీ అని నేను నవ్వితే, "ఆడవాళ్ళు కదండీ" అన్నారు, అంతకన్నా వివరం అక్కర్లేదన్నట్టు. గేదెలకి ఇచ్చిన మర్యాద నాకూ ఇచ్చేవారని తర్వాతి నెలల్లో నాకు బాగా అర్థమైంది.

పశువుని చూడ్డానికి పిలిస్తే ఆయన ముందు పశువు దగ్గరకు వెళ్ళేవారు కాదు. చెప్పులు బయట వదిలి, కొట్టం చుట్టూ ఒకసారి తిరిగి, గాడిలో చెయ్యిపెట్టి మిగిలిన మేత వాసన చూసేవారు. "ముందు ఇల్లు చూద్దామండీ, తర్వాత రోగిని చూద్దాం" అనేవారు. నాకు ఇది కాలయాపనలా ఉండేది. రోగలక్షణాలన్నీ వేళ్ళ చివర ఉన్న వయసు. థర్మామీటరు, స్టెతస్కోపు, మందు చీటీ, పది నిమిషాల పని. నేను చీటీ రాసేసి స్కూటరు దగ్గర నిలబడి వాచీ చూసుకునేదాన్ని, ఆయన ఇంకా గాడి దగ్గరే ఉండేవారు.

వాళ్ళది నేత కుటుంబం. తండ్రి పెడనలో మగ్గం నేసేవాడట. ఒకసారి నేను కొత్త చీర కట్టుకొస్తే, "ఏమీ అనుకోకండి" అని కొంగు తిరగేసి వెనకవైపు చూశారు. "ముందువైపు అందరూ చూస్తారండి. నేసినవాడు ఎక్కడ తడబడ్డాడో వెనకవైపు ఉంటుంది" అన్నారు. నా చీరలో రెండు చోట్ల తడబడ్డాడని కూడా చెప్పారు. ఆ రోజంతా నాకు ఆ రెండు చోట్లే కనిపించాయి.

ఇక నాంచారమ్మ మేకల సంగతి. ఇది చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టే కాదు.

నాంచారమ్మకి భర్త లేడు, పిల్లల్లేరు. కూలి పని నాట్లప్పుడూ కోతలప్పుడూ దొరుకుతుంది. మిగతా నెలలన్నీ ఆమెను బతికించేవి పదకొండు మేకలు. వాటిలో పెద్దది ఒక నల్లమేక, మందకంతా అదే పెద్ద. నేను చేరిన ఏడాది వేసవి చివర్లో నాంచారమ్మ ఆస్పత్రికొచ్చి, ఏడు మేకలు వణుకుతున్నాయనీ, నడుస్తూ నడుస్తూ వెనక కాళ్ళు తడబడి పడిపోతున్నాయనీ చెప్పింది. వెళ్ళి చూశాం. నల్లమేక అప్పటికి చూడిది. తల అదేపనిగా ఊపుతూ, నేల ఎక్కడుందో తెలియనట్టు కాళ్ళు ఎత్తెత్తి వేస్తోంది.

"ఏం తింటున్నాయి నాంచారమ్మా?" అని అడిగారు కాంపౌండరు గారు.

"గట్టు మీద దొరికిందేదో తింటన్నాయండి. కాలవలు కట్టేసి నీళ్ళాపేశారు గదా, గడ్డెక్కడుంది?"

ఆయన ఇంకేదో అడగబోయారు. నేను అడ్డుపడ్డాను. మెదడుకి సోకే అంటురోగమొకటి కాలేజీలో నేను బాగా చదివాను. లక్షణాలు ఆ పాఠానికి సరిగ్గా సరిపోయినట్టు నాకు కనిపించాయి. జ్వరం లేదు కదా అని ఆయన మెల్లగా అంటే, "అన్నిసార్లూ ఉండదండీ" అన్నాను. నాంచారమ్మ భయం వేరు. చచ్చిపోయేలోగా వాటిని వచ్చే సంతలో మాంసం కొట్టువాళ్ళకి ఇచ్చేద్దామనుకుంటోంది. "అమ్మకు. నేను నయం చేస్తాను. జబ్బువాటిని మిగతావాటితో కలవనివ్వకుండా వేరే దొడ్డిలో పెట్టు, బయటకు వదలకు" అని గట్టిగా చెప్పాను. ఆమె నా మాట నమ్మింది. రెండు రోజుల్లో తన పాక పక్కనే చిన్న దొడ్డి కట్టింది. కాలువ గట్టు మీద కోసుకొచ్చిన పచ్చి తూటికాడలు దగ్గర దగ్గరగా గుచ్చి, అడ్డంగా తాళ్ళతో బిగించిన దడి. బాగా కట్టావని మెచ్చుకున్నాను కూడా. ఏడు మేకల్నీ ఒక్కొక్కటిగా చేతుల్లో ఎత్తుకొచ్చి ఆ దడి లోపల పెట్టింది కాంపౌండరు గారు.

తూటికాడ తెలియనివాళ్ళు మా డెల్టాలో ఉండరు. కాలువ గట్ల మీద, ముదినేపల్లి వైపు చేపల చెరువు గట్ల మీద మనిషెత్తున పెరిగి, లేత ఊదారంగు గరాటు పూలు పూస్తుంది. కొందరు రబ్బరు మొక్క అంటారు. కొమ్మ విరిచి గుచ్చితే బతుకుతుంది. నీట మునిగినా బతుకుతుంది. పశువు ముట్టదని పేరు, అందుకే దడికి దాన్నే వాడతారు. ఆ మాట నిజమే, వేరే మేత ఉన్నంతకాలం. పచ్చగడ్డి లేని నెలల్లో మేక దాన్ని రుచి చూస్తుంది. మొదట కొద్దిగా తింటుంది, కొన్నాళ్ళు పోయాక గడ్డి ఎదురుగా ఉన్నా దానికోసమే వెతుక్కుంటుంది. ఇది మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. డాక్టరుగా తెలిసి ఉండాల్సింది నాకు. మొక్కల విషాల పాఠం పరీక్షకి చదివాను, పరీక్షతోపాటే వదిలేశాను.

పదిహేను రోజులు సూదిమందు ఇచ్చాం. మేకలు బాగుపడటం లేదు సరికదా, ముందుకన్నా దిగజారాయి. నల్లమేక నిలబడటమే కష్టంగా ఉంది. ఈలోగా తొలకరి పడింది. పదిహేనో రోజున మేము వెళ్ళేసరికి నాంచారమ్మ నాటుకి వెళ్ళింది. నేను సిరంజీ తీస్తుంటే కాంపౌండరు గారు ఎప్పట్లాగే దొడ్డి చుట్టూ తిరిగి, తడిక తీసి లోపలికెళ్ళి, మేకల మధ్య గొంతుక్కూర్చున్నారు. చాలాసేపు లేవలేదు.

"మేడమ్ గారూ, ఒకసారి లోపలికి రండి. నిలబడితే కనపడదు, ఇలా కూర్చోండి."

విసుక్కుంటూనే వెళ్ళి కూర్చున్నాను. బయటినుంచి చూస్తే దడి నిండా పచ్చగా చిగుళ్ళేసి ఆకు కమ్ముకుని ఉంది. లోపలివైపు, మేక మూతి అందే ఎత్తుదాకా, ఒక్క ఆకు లేదు. కాడలకి తొడిమలు మాత్రం మిగిలాయి. కొన్ని చోట్ల బెరడు కూడా గీరేసి ఉంది. గాడిలో నాంచారమ్మ వేసిన గడ్డి వేసినట్టే ఉంది.

ఆయన బయటకెళ్ళి ఒక తూటికొమ్మ, ఒక గుప్పెడు పచ్చగడ్డి తెచ్చి రెండు చేతుల్లో పట్టుకున్నారు. నిలబడలేని మేకలు తూలుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ తూటికొమ్మ మీద పడ్డాయి. గడ్డి వైపు ఏదీ చూడలేదు. దొడ్డి బయట ఉన్న నాలుగు మంచి మేకలకి చూపిస్తే వాసన చూసి మొహం తిప్పుకున్నాయి. తర్వాత ఒక మంచి మేక గడ్డం కింద చెయ్యిపెట్టి, తల పైకెత్తి ఒక నిమిషం అలా పట్టుకుని వదిలేశారు. అది చెవులు విదిలించుకుని వెళ్ళిపోయింది. జబ్బు మేకని అలాగే చేశారు. వదలగానే వెనక కాళ్ళు విడిపోయి కూలబడి, పక్కకి ఒరిగి కొట్టుకుంది. "ముదినేపల్లిలో చేసినప్పుడు చెరువు గట్టు మీద మేసే మేకొకటి ఇలాగే పడేదండి. ఎందుకో అప్పుడు తెలియలేదు" అన్నారు. ఆ తల ఎత్తే పరీక్ష పెద్ద పెద్ద పుస్తకాల్లో ఉందని తర్వాత చూశాను. ఆయన ఏ పుస్తకమూ చూడలేదు.

రోగం తెచ్చింది వేసవి. దాన్ని ముదరబెట్టింది నా వైద్యం. ఆ మేకల్ని వదిలేసినా తొలకరి గడ్డి తిని కొన్నైనా తేరుకునేవి. నేను వాటిని విషం మధ్యలో పెట్టి తలుపేయించి, రోజూ వెళ్ళి సూదులు పొడిచాను.

ఆ ఆకులో ఉండే విషం పేరు స్వైన్సోనిన్. ఒంట్లో ప్రతి కణంలోనూ పాతబడిన చక్కెర గొలుసుల్ని కత్తిరించి పంపేసే ఎంజైములుంటాయి. వాటిలో ఒకదాని చేతులు ఈ విషం కట్టేస్తుంది. కత్తిరింపు ఆగిపోయి ఆ గొలుసులన్నీ కణంలోనే పేరుకుంటాయి. గుర్రపుడెక్క అడ్డుపడిన పంటకాలువలా కణం ఉబ్బిపోతుంది. నడకని సరిచూసే చిన్నమెదడు ముందు దెబ్బతింటుంది, అందుకే ఆ వణుకు, ఆ తడబాటు. కాలిస్టిజిన్లని తోడుగా ఇంకో రకం విషాలు కూడా ఉన్నాయి. ఈ విషం పాలలోంచి పిల్లకి వెళ్తుంది. కడుపులో ఉన్నదాన్నీ వదలదు. దీనికి విరుగుడు మందు లేదు. తినడం త్వరగా మాన్పిస్తే కణాలు మెల్లగా శుభ్రపడతాయి, ఆలస్యమైతే చచ్చిన కణాలు తిరిగి రావు. దీన్ని నిజంగా తయారుచేసేది ఆ మొక్కలో కాపురముండే ఒక బూజు అని చాలా ఏళ్ళ తర్వాత చదివి ఆయనకి చెప్పాను. "అద్దెకున్నవాడు చేసిన పనికి ఇంటివాడికి చెడ్డపేరన్నమాట" అన్నారు.

ఆ పూట మేకల్ని పాకలోకి మార్చి, దూరంగా కట్టేశాం. తిరిగొస్తూ స్కూటరు మీద నేను ఒక ఉపాయం చెప్పాను. దడి పీకించేద్దాం, వానకి తడుస్తున్నాయని చెప్పి పాకలోనే ఉంచమందాం, మందు మార్చామందాం, కారణం చెప్పక్కర్లేదు. ఆస్పత్రి దగ్గర దిగాక కాంపౌండరు గారు తువ్వాలుతో మొహం తుడుచుకుని అన్నారు.

"చెప్పాల్సింది మీరేనండి. నేను చెబితే కబురవుతుంది. మీరు చెబితే వైద్యం."

"ఊరంతా తెలుస్తుందండీ. ఇక నన్నెవరు పిలుస్తారు?"

"కారణం తెలియకపోతే వచ్చే ఏడు మళ్ళీ ఆ దడే కడుతుంది."

మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే వెళ్ళాను. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. నాంచారమ్మ పాక ముందు నిలబడి మేకల వైపు చూస్తోంది. కూడబలుక్కున్నవి ఒక్కటీ నోటికి రాలేదు. "నాంచారమ్మా, జబ్బు ఆ ఆకు వల్ల వచ్చింది. నేను పోల్చుకోలేదు. దొడ్డిలో పెట్టమని చెప్పి ఇంకా ఎక్కువ చేశాను. తప్పు నాది" అన్నాను. ఆమె నా మొహం చూడలేదు. కాసేపటికి, "సర్లేమ్మా. ఇప్పుడేం జెయ్యమంటావో చెప్పు" అంది. అంతే.

చెయ్యవలసినవన్నీ చేశాం. కాంపౌండరు గారు రోజూ సైకిలు మీద గడ్డి మోపు వేసుకెళ్ళేవారు. నాలుగు మేకలు పూర్తిగా కోలుకున్నాయి. ఒకటి బతికినంతకాలం తల ఊపుతూనే ఉంది. ఒకటి చచ్చిపోయింది. నల్లమేక ఈనింది గానీ పిల్ల నిలబడి పాలు తాగలేక మూడో రోజున పోయింది, దాని వెనకే తల్లీ పోయింది. తూటికాడ పీకేసిన చోట కాంపౌండరు గారు దగ్గరుండి, మేకలకి మేతగా పనికొచ్చే అవిసె మొక్కలు పెట్టించారు. మిగిలిన మేకలతోనే నాంచారమ్మ మళ్ళీ మంద కట్టింది.

నేను మాత్రం ఆ పొద్దుటి సంగతిని నాకు అనుకూలంగా అర్థం చేసుకున్నాను. నిజం చెబితే జనం ఇంత తేలిగ్గా తీసుకుంటారా అనుకున్నాను. ఆ ధైర్యంతోనే తర్వాత పామిడిముక్కలలో ఒక గేదెకి మోతాదు ఎక్కువిచ్చినప్పుడు రైతు ఎదురుగా ఒప్పుకున్నాను. అతను నోటికొచ్చినట్టు తిట్టాడు, మర్నాడు తన రెండో గేదెను నా దగ్గరకే తోలుకొచ్చాడు. ఇంకో రెండుచోట్ల కూడా అలాగే ఒప్పుకున్నాను. మా శాఖలో నాకు కాస్త అమాయకురాలినన్న పేరుంది. ఉంటే ఉంది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ప్రతి ఊళ్ళోనూ నేను పెట్టే మీటింగులో తూటికాడ గురించి నా తప్పుతోనే మొదలుపెడతాను. ఎవరూ కునుకు తియ్యరు.

కాంపౌండరు గారి పెద్దకర్మకి పెడన వెళ్ళాను. రెండు బస్సులు మారి నాంచారమ్మ కూడా వచ్చింది. జుట్టంతా తెల్లబడింది, మాట మాత్రం తగ్గలేదు. భోజనాల వేళ ఇద్దరం వాళ్ళ వరండా మెట్ల మీద కూర్చున్నాం. చాలా ఏళ్ళుగా అనాలనుకుంటున్న మాట అప్పుడన్నాను.

"ఆ రోజు నువ్వు నన్నొక్క మాట అనలేదు నాంచారమ్మా. నీ మనసు గొప్పది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నా మనసేం గొప్పది కాదమ్మా. ముందురోజు సాయంత్రమే ఆయన సైకిలేసుకొచ్చారు. అంతా చెప్పేశారు. కట్టమంది డాక్టరమ్మ, దడి కట్టింది నువ్వు, ఎత్తుకెళ్ళి లోపలెట్టింది నేను, ముగ్గురం కలిసే చేశామన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ ఆస్పత్రికొచ్చి జుట్టు పట్టుకుందామనుకున్నా. ఆయన కాళ్ళట్టుకున్నంత పని చేశారు. రేపొద్దున ఆ పిల్ల తనే వచ్చి చెబుతుంది, నువ్వు తిట్టబాకు అన్నారు. మొదటిసారి చెబుతోంది, ఇప్పుడు తిట్టావంటే జన్మలో ఇంకెవరికీ చెప్పదు అన్నారు. వస్తదని అంత నమ్మకమేందయ్యా అంటే, వస్తుందిలే అన్నారు. నువ్వొచ్చావు. నేను నోరు కుట్టేసుకుని నిలబడ్డా."

చెబితే కబురవుతుందన్న మనిషి అదే సాయంత్రం వెళ్ళి చెప్పారు. నా కోసం దారి చదును చేసి, ఆ సంగతి తాను పోయేదాకా నాకు తెలియనివ్వలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

"అయితే ఇప్పుడు తిట్టు" అన్నాను.

"ఇప్పుడెందుకులే తల్లీ."

"ఆయన వద్దన్నారనేగా ఆగావు. నాకు ఆ భయం పోయి చాలాకాలమైంది. తిట్టు."

నాంచారమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మెట్టు మీద సర్దుకుని కూర్చుంది.

"ఏం చదువే నీది? కళ్ళెక్కడెట్టుకున్నావే? రోజూ వచ్చి సూదులు పొడిచావు గానీ, ఒక్కరోజు ఆ దడికేసి చూశావా? నా నల్లదాన్ని పొట్టన పెట్టుకున్నావు గదే. బంగారం లాంటి మేక. చూడిది. అది పడిపోతా కూడా నా వంకే చూసేది..."

వరండాలో వడ్డిస్తున్నవాళ్ళు ఆగిపోయారు. కాంపౌండరు గారి భార్య కంగారుగా గుమ్మంలోకి వచ్చారు. "తిట్టనివ్వండి పిన్నిగారూ" అన్నాను. నాంచారమ్మ ఆగి, ముక్కు చీది, ఎక్కడిదాకా తిట్టిందో గుర్తు తెచ్చుకుని మళ్ళీ మొదలుపెట్టింది.